లొటారమా, లోటారమా?

పాత సైకిల్ క్రోము హ్యాండిల్ తోముతూ కూర్చున్నాను. అల్యూమినియం ఫాయిల్ ఉండ చుట్టి, నీళ్లలో ముంచి రుద్దితే నల్లటి బురద లాంటిది వచ్చింది. గుడ్డతో తుడిస్తే మొహం కనిపించేంత మెరుపు! కానీ తుప్పు చుక్కలున్న చోటల్లా గోరుకి గుంటలు తగులుతున్నాయి. వెంటనే తాతయ్య మాట గుర్తొచ్చింది: "పైన పటారం, లోన లోటారం". అందరూ 'లొటారం' అంటారు, ఆయన మాత్రం 'లో' అనేవారు. ఏది అసలు?

— తాతగారిదే రైటు. లోటు నుంచి లోటారం. 'లోన' పక్కన 'లో' పడితేనే చెవికి ఇంపు కూడా.

— ఇంపే లెక్కైతే 'పైన' పక్కన 'పైటారం' ఉండాలిగా! యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో మరో అక్షరం జత కుదరడం) చూసినా ఐకి అ చెల్లుతుంది, ఓకి ఒ చెల్లుతుంది. కాబట్టి ఛందస్సుని సాక్ష్యానికి పిలవకండి. నా ఓటు లొట్టకి. చెంబు లొట్టపోయింది అంటాం కదా.

— లొట్టపోవడం అంటే సొట్టపడటం మాస్టారూ, అది పైనే కనిపిస్తుంది. ఇక్కడ కావలసింది లోపలి డొల్లతనం. లొటలొట చప్పుడులోంచి వచ్చిందే లొటారం.

— అందరూ 'లొ' దగ్గరే ఆగిపోయారు, పటారం సంగతేంటి? నా అనుమానం ఫటాటోపం మీద. ఫట అంటే పాము పడగ. విషం ఉన్నా లేకపోయినా పడగ విప్పితే చాలు, "ఫటాటోపో భయంకరః" అని పంచతంత్రం. మనం ఒత్తు తీసేసి పటాటోపం చేసుకున్నాం. అక్కణ్ణుంచి పటారం ఎంత దూరం?

— చాలా దూరం. 'టోపం' ఎక్కడికి పోయింది, 'రం' ఎక్కణ్ణుంచి ఊడిపడింది? పటారం, లొటారం జంటగా పుట్టిన మాటలు. విడదీస్తే రెండూ బతకవు.

— మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి, క్రోముకి ఈ సామెత అన్యాయం. క్రోము తుప్పు పట్టదండీ. సైకిళ్ల మీద ఉండేది మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పల్చటి పూత. దాని కింద నికెల్, ఆ కింద ఉక్కు. పూతలోని సన్నటి రంధ్రాల్లోంచి తేమ దిగి, ఉక్కు తుప్పు పట్టి పైకి ఉబుకుతుంది. ఫాయిల్ క్రోము కన్నా మెత్తన కాబట్టి మీరు వాడింది మంచిదే. కానీ ఆ గుంటలు ఎంత తోమినా పూడవు. మైనం రాసి తేమ తగలకుండా చూసుకోండి, లేదా మళ్లీ ప్లేటింగే. అన్నట్టు, క్రోము అనే పేరు గ్రీకులో 'రంగు' అనే మాట నుంచి వచ్చింది. 1797లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వోక్లాన్ కనుక్కున్న ఈ లోహం లవణాలు రంగురంగులుగా ఉంటాయని అలా పెట్టారు.

— ఇదంతా వేమన ఒక్క పండుతో తేల్చేశాడు. "మేడిపండు చూడ మేలిమై యుండు".

— 'యుండును'. ఆటవెలది మొదటి పాదం చివర ఇంద్రగణం పడాలి. 'ను' లేకపోతే అక్కడ మిగిలేది హగణం, అంటే ఇంద్రగణం కన్నా పొట్టిదైన సూర్యగణం.

— వేమన గణాలు లెక్కపెట్టుకుని చెప్పాడా ఏంటి? పద్యం జనం నోట్లో పడ్డాక ఆ 'ను'ని ఎవరో పండితుడు అతికించి ఉంటాడు.

— "పొట్ట విప్పి చూడ పురుగులుండు" చూడండి. రెండో పాదానికి కావలసిన ఐదు సూర్యగణాలు, పొ–పు యతి, కొలిచి కోసినట్టుంది. ఇది లెక్క తెలియనివాడి పనా?

— ప్రశ్న వేసింది నేనండీ. ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. తాతయ్యకి అన్నీ సాగదీసి పలకడం అలవాటట. సైకిల్‌ని కూడా 'సైకీలు' అనేవారట.

— అయితే లోటారం సాక్ష్యం కొట్టేయండి.

— ఎందుకు కొట్టేయాలి? పటారాన్ని 'పాటారం' అనేవారా అని అడిగారా?