"చెన్నపురి రాజధాని" అంటే ఊరా, రాష్ట్రమా?

గుంటూరు సభ్యురాలు:
అందరికీ నమస్కారం. అటక మీద దొరికిన పాత భూగోళం వాచకం ఒకటి యూనికోడ్‌లో టైపు చేస్తున్నాను. ముందు పేజీలు చిరిగిపోయాయి, కాబట్టి ఎవరు రాశారో, ఏ ఏడాది అచ్చయిందో తెలియదు. అందులో గంజాం నుంచి తిరునల్వేలి దాకా జిల్లాలన్నీ "చెన్నపురి రాజధాని"లో ఉన్నట్టు రాశారు. బళ్లారి, మలబారు కూడా అందులోనే. రెండు పేజీలు తిప్పితే, చెన్నపురికి, అంటే మద్రాసుకు, తూర్పున సముద్రం అని ఉంది. రాజధాని అంటే ఒక ఊరు కదా, ఊళ్లో జిల్లాలేమిటి? కింద వివరణ ఇవ్వాలా, అచ్చుతప్పని సరిచేయాలా?

హైదరాబాద్ సభ్యుడు:
"రాజధాని పరిధిలో" అని రాయబోయి ఉంటారు. మీరు సరిచేసేయండి, ఏం ఫర్వాలేదు.

తిరుపతి సభ్యుడు:
సరిచేయకండమ్మా, అది తప్పు కాదు. ఇంగ్లీషు వాళ్లు ప్రెసిడెన్సీ అన్నదాన్నే ఆనాటి తెలుగులో రాజధాని అనేవారు. బొంబాయి రాజధాని, బంగాళా రాజధాని, చెన్నపురి రాజధాని. ఈ మూడూ ఊళ్లు కావు, ఆ ఊళ్ల నుంచి పాలించే ప్రాంతాలు. కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) కాలంలో కౌన్సిలుతో పాటు ప్రెసిడెంటు ఉండే చోటు ప్రెసిడెన్సీ. ఆయన అధికారం పెరిగేకొద్దీ ఆ మాట కోట గోడలు దాటి జిల్లాలకు జిల్లాలను మింగింది. తెలుగువాళ్లు దానికి రాజు ఉండే చోటు అనే మాటను ఎంచుకున్నారు, అదీ అలాగే సాగింది. మీ పుస్తకంలో మొదటి చోట రాజధాని అంటే ప్రాంతం, రెండో చోట చెన్నపురి అంటే నగరం. రెండూ సరైనవే.

ఇంకో సాక్ష్యం. 1840లో మొదలైన అక్కడి ప్రెసిడెన్సీ కాలేజీని మనవాళ్లు రాజధాని కళాశాల అని రాసేవారు. రాజధానిలో ఉన్న కళాశాల అని ఇప్పుడు మనం చదువుకుంటాం. వాళ్ల ఉద్దేశం వేరు. బాలవ్యాకరణం రాసిన పరవస్తు చిన్నయసూరి తెలుగు చెప్పింది అక్కడే. నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, "చెన్నపురి" అనే మాటకు లక్షణం కావాలన్నా ఆయన దగ్గరికే పోవాలి. సంస్కృత సమాసం సాంస్కృతికం, తెలుగుది ఆచ్ఛికం, రెండూ కలిసినది మిశ్రమం అని విభజించింది ఆయనే. "చెన్న" మనది, "పురి" సంస్కృతం, కాబట్టి చెన్నపురి మిశ్రమం.

నెల్లూరు సభ్యుడు:
మా వైపు పెద్దవాళ్లు చెన్నపురి అనడం ఎప్పుడూ వినలేదండి. పట్నం అంతే. "పట్నం పోయి కళ్లజోడు చేయించుకొచ్చాడు" అంటే మద్రాసు పోయాడనే.

హైదరాబాద్ సభ్యుడు:
అదెట్లా? పట్నం అంటే మాకు హైదరాబాదే. సికింద్రాబాద్ అయితే లష్కర్.

తిరుపతి సభ్యుడు:
ఎవరికి దగ్గరి పెద్ద ఊరు వాళ్లకు పట్నం. అయితే కోస్తాలో ఆ మాటకు రేవు అనే వాసన ఎక్కువ. మచిలీపట్నం, విశాఖపట్నం, భీమునిపట్నం, కృష్ణపట్నం, అన్నీ సముద్రం ఒడ్డువే. తమిళంలో రేవుకు పట్టినం, నగరానికి పట్టణం అని రెండు మాటలు ఉన్నాయి. మనం రెండింటినీ ఒక్క పట్నంతోనే నెట్టుకొచ్చాం.

చెన్నపురి పుస్తకం మాట. వావిళ్ల వారి గ్రంథాల ముఖపత్రాల మీద కనిపించేది అదే. రామస్వామిశాస్త్రులు గారు 1854లో అక్కడ ప్రెస్సు పెట్టారు, కొడుకు వెంకటేశ్వరశాస్త్రులు గారు దాన్ని పెంచారు. కావ్యాలు, శతకాలు, వ్యాకరణాలు ఇంటింటికీ చేరాయంటే అందులో ఆ అచ్చుకూటం పాలు చాలా పెద్దది. ఆ పుస్తకాలు చదివిన రెండు మూడు తరాలకు చెన్నపురి అంటే పుస్తకాలు పుట్టే ఊరు.

గుంటూరు సభ్యురాలు:
చాలా థాంక్సండి. ఇంతకీ ఈ చెన్న ఎవరు? చెన్నకేశవస్వామి అని ఒకచోట, ఎవరో నాయకరాజు అని ఇంకోచోట చదివాను.

తిరుపతి సభ్యుడు:
మాట సంగతి ముందు చూద్దాం. చెన్ను అంటే అందం, ఒప్పు. కన్నడంలో చెన్నాగి అని ఇప్పటికీ రోజూ వాడతారు. మన వాడుకలోంచి అది జారిపోయి పద్యాల్లోనూ పేర్లలోనూ మిగిలింది. చెన్నయ్య, చెన్నమ్మ, చెన్నూరు, మాచర్లలోనూ మార్కాపురంలోనూ ఉన్న చెన్నకేశవుడు. మనిషికీ దేవుడికీ ఒకటే పేరు కావడంతోనే ఈ తగవు వచ్చింది.

ఇక చరిత్ర. 1639 ఆగస్టులో ఫ్రాన్సిస్ డే అనే కుంపిణీ ఉద్యోగికి ఆ ఇసుక నేల మీద కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూందమల్లిలో ఉండేవాడు. వీళ్ల తండ్రి దామెర్ల చెన్నప్ప నాయకుడు. డే అంతకు ముందు ఉన్నది మన దుగరాజపట్నంలో. దాన్ని ఇంగ్లీషు వాళ్లు ఆర్మగాన్ అనేవారు. అక్కడ వ్యాపారం సాగక దక్షిణానికి దిగాడు. మచిలీపట్నంలో ఉన్న ఆండ్రూ కోగన్ అతనికి అండ. 1640లో పని మొదలైంది, ఏప్రిల్‌లో సెయింట్ జార్జి పండగ నాటికి కొంత కట్టేసి కోటకు ఆ పేరే పెట్టారు.

చెన్నప్ప మరో కొడుకు దామెర్ల అంకభూపాలుడు ఉషాపరిణయం అనే కావ్యం రాశాడు. ప్రళయకావేరికీ మైలాపూరుకూ మధ్య తండ్రి పేరిట చెన్నపట్నం వెలసిందని అందులో ఉంది. ప్రళయకావేరి అంటే పులికాట్, అక్కడ డచ్చివాళ్లు. మైలాపూరు వైపు పోర్చుగీసులు. వాళ్ల కొట్లాట ఆపడానికి అయ్యప్ప ఈ ఊరు కట్టించాడని కవి మాట. కుంపిణీ కాగితాల్లో డే కథానాయకుడు, కావ్యంలో అయ్యప్ప. ఎవరింటి కథ వాళ్లది! ఊరికి తండ్రి పేరు పెట్టామని కొడుకే చెబుతుంటే వేరే మూలం వెతకడం నాకు అనవసరం అనిపిస్తుంది.

గుడి పక్షం వాళ్ల వాదన కూడా తీసిపారేసేది కాదు. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట ఒకప్పుడు చెన్నకేశవుడి గుడి ఉండేది. 1640ల్లో దానికి మాన్యాలు ఇచ్చినవాళ్లలో కుంపిణీకి మందుగుండు తయారుచేసిన నాగభట్టు, దుబాసి బేరి తిమ్మన్న ఉన్నారు. ఫ్రెంచి యుద్ధాల భయంతో ఇంగ్లీషువాళ్లు 1757లో గుడి పడగొట్టి, తర్వాత పూలబజారు దగ్గర స్థలమిస్తే చెన్నకేశవుడికీ చెన్నమల్లేశ్వరుడికీ పక్కపక్కనే జంట గుళ్లు లేచాయి. అయితే గుడి దాఖలాలు కోట కట్టిన తర్వాతివి. నాకైతే ఊరి పేరే దేవుడికి చేరినట్టుంది.

అన్నట్టు, దుబాసి మాట వచ్చింది కాబట్టి: ద్విభాషి. రెండు భాషలు తెలిసినవాడు అని పేరు. పని మాత్రం బేరం కుదర్చడం, అప్పులిప్పించడం, నేతగాళ్లను పట్టుకురావడం.

చెన్నై సభ్యురాలు:
నేను జార్జిటౌన్‌లో పుట్టి పెరిగిన దాన్ని. మా వీధుల పేర్లు చూడండి. పెద్దనాయకన్ పేట అంటే మన పెద్ద నాయకుడే, ఊరి కావలి ఆయనది. ఇంకోటి, త్యాగరాయ నగర్ వాగ్గేయకారుడు త్యాగయ్య పేరనుకునే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అది జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ శెట్టి గారి పేరు. ఆ నగర్ మధ్యలో ఉన్న పానగల్ పార్కు పానగంటి రామరాయణింగారి పేరు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని (ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి) పదవిలో ఉన్న పానగల్ రాజా ఆయనే.

హైదరాబాద్ సభ్యుడు:
అంటే 1996లో మద్రాసు తీసేసి తెలుగు నాయకుడి పేరు పెట్టుకున్నారన్నమాట తమిళులు! మనం గెలిచినట్టే కదా.

చెన్నై సభ్యురాలు:
ఆ జోకు ఇక్కడ చాలాసార్లు విన్నానండి. తమిళంలో మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు ఈ ఊరు ఎప్పటినుంచో చెన్నైయే, చెన్నపట్టణమే. 1996లో మారింది ఇంగ్లీషు పేరు. మా పక్కింటి మామికి ఆ ఏడాది కొత్తగా అనిపించింది ఏమీ లేదు. పాత పేరు పోయిందని బాధపడింది మనవాళ్లే.

తిరుపతి సభ్యుడు:
ఆమె చెప్పింది నిజం. ఇక్కడే అసలు చిక్కు ఒకటుంది. ఊరు తెలుగువాడి పేరు మీద వెలిసిందన్నది మనవాళ్ల వాదనల్లో ఒకటి. తీరా ఆంధ్ర రాష్ట్రం కోసం రోడ్డెక్కినప్పుడు చేసిన నినాదం "మద్రాసు మనదే". చెన్నపురి మనదే అని కాదు. పుస్తకంలో చెన్నపురి, నోట్లో మద్రాసు. జనం గొంతెత్తి అరిచేటప్పుడు నోట్లో ఉన్న మాటే వస్తుంది.

అంతకంటే నన్ను ఆపే మాట "మన". మనకు మేము వేరు, మనం వేరు. ఎదుటివాణ్ణి వదిలేస్తే మేము, కలుపుకుంటే మనం. తమిళంలోనూ నాంగళ్, నామ్ అని అదే తేడా. తమిళుడికి ఎదురుగా నిలబడి "మద్రాసు మనదే" అంటే వ్యాకరణం లెక్కన నీదీ నాదీ అని చెప్పినట్టు! "మాదే" అనాల్సింది. నినాదం తెలుగువాళ్లు తెలుగువాళ్లకు చెప్పుకున్నది కాబట్టి "మన" అయింది. అవతలి వాళ్లకు అది "మాదే" అనే వినపడింది. తల ఇచ్చైనా తలైనగరాన్ని కాపాడతామని తమిళ నాయకుడు మ.పొ. శివజ్ఞానం గారు బదులు నినాదం ఇచ్చారు. తల, తలైనగర్, అంటే రాజధాని. నినాదంగా చూస్తే వాళ్లదే గట్టిది. ప్రాసా ఉంది, శ్లేషా ఉంది.

తర్వాతిది అందరికీ తెలిసిందే. మద్రాసు మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం అని నెహ్రూ, పటేల్, పట్టాభి సంఘం 1949లో చెప్పింది. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకు కూర్చున్నారు, డిసెంబరు 15 రాత్రి పోయారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. 1928లో సైమన్ కమిషన్ రోజున అదే మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన ప్రకాశం గారు కర్నూలులో డేరాల మధ్య ముఖ్యమంత్రి అయ్యారు.

నెల్లూరు సభ్యుడు:
రాష్ట్రం విడిపోకముందు మనవాళ్ల పెద్ద పనులెన్నో ఆ ఊళ్లోనే జరిగాయి కదండీ. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రికను 1914లో దినపత్రికగా తెచ్చింది అక్కడికే. దుర్గాబాయి గారి ఆంధ్ర మహిళా సభ పుట్టిందీ అక్కడే. వీరేశలింగం గారు చివరికి కన్నుమూసిందీ ఆ ఊళ్లోనే, 1919లో.

గుంటూరు సభ్యురాలు:
ఇంత ఉందా దీని వెనక! నోట్ ఇలా రాశాను, చూడండి: "రాజధాని: ఇక్కడ ప్రెసిడెన్సీ అని అర్థం. చెన్నపురి: నేటి చెన్నై నగరం." పుస్తకమంతా చెన్నపురి బదులు చెన్నై అని మార్చమని మా తమ్ముడు అంటున్నాడు.

తిరుపతి సభ్యుడు:
నోట్ బాగుంది. "గంజాం 1936లో ఒరిస్సాలో కలిసింది" అని కూడా చేర్చండి. గంజాం ఇంకా ఈ రాజధానిలోనే ఉందంటే మీ పుస్తకం అంతకు ముందుదయి ఉండాలి. చెన్నపురిని మాత్రం మార్చొద్దని తమ్ముడికి చెప్పండి. ఆ పుస్తకం రాసినాయన చెన్నపురి అన్నాడు, మీరు టైపు చేస్తున్నది ఆయన పుస్తకం.