ఊళ్లకు కొత్త ఫైబర్ లాగుతున్నాం: జీ.652.డీనా, జీ.655నా, ఓఎం4నా?

కోనసీమ కేబుల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర. నాన్నగారి హయాం నుంచి కేబుల్ టీవీ నడుపుతున్నాం, కొన్నేళ్లుగా ఇంటర్నెట్ కూడా ఇస్తున్నాం. ఇప్పుడున్న లైను ఎప్పుడు ఏ ముక్క దొరికితే ఆ ముక్క అతికించుకుంటూ వచ్చింది. గాలివాన వస్తే చాలు, ఎక్కడో ఒకచోట తెగుతుంది. అందుకని ఈసారి హెడ్‌ఎండ్ (సిగ్నల్ బయలుదేరే మా కంట్రోల్ రూము) నుంచి సముద్రం వైపు చివరి ఊరి దాకా కొత్త కేబుల్ లాగుదామనుకుంటున్నాం.

రూటు 14 కి.మీ. అంతా కాలువ గట్టు వెంట కరెంటు స్తంభాల మీదే. రెండు చోట్ల కాలువ దాటాలి. 6 కి.మీ. దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఒకటుంది, వాళ్లకి 10జీ (సెకనుకి 10 గిగాబిట్ల) లింకు కావాలట. మిగతావన్నీ ఇళ్ల కనెక్షన్లు, జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) మీద. టీవీ కూడా అదే ఫైబర్‌లో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మీద పంపుతాం.

ఎవరిని అడిగితే వాళ్లు ఒక మాట చెబుతున్నారు. డీలరేమో "హైస్పీడు కావాలంటే జీ.655 వెయ్యండి, జీ.652 పాతరకం" అంటున్నాడు. దాని ధర కూడా బాగా ఎక్కువ. మా బావమరిది బెంగళూరులో సర్వర్ రూముల్లో పని చేస్తాడు. వాళ్లు ఓఎం4 మీద 100జీ నడుపుతారట, అదే వేసుకోమంటాడు. ఇంకొకాయన జీ.657.ఏ2 అయితే ఎంత ఒంచినా ఏమీ కాదు, మొత్తం అదే వెయ్యమన్నారు. ఇక కేబుల్‌లో కోర్లు (ఫైబర్ పోగులు) 12 చాలా, 24 కావాలా?

అప్పు చేసి వేస్తున్న లైను. రేపు 10జీ పాన్‌కి మారినా కేబుల్ జోలికి పోయే పని ఉండకూడదు. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ జాయింటర్

మెయిన్ లైనుకి జీ.652.డీ, 24 కోర్లు, ఏడీఎస్ఎస్ (లోహం లేని) కేబుల్. ఇళ్లకి వెళ్లే డ్రాప్‌కి మాత్రం జీ.657.ఏ2. మేం ఎక్కడ పని చేసినా ఇదే వేస్తున్నాం. ఎందుకన్నది మాస్టారు వచ్చి వివరంగా చెబుతారు.

ఓటీడీఆర్ మాస్టారు

తమ్ముడు గారూ, మీకు చెప్పిన మూడు రకాలూ మంచివే. కాకపోతే ఒక్కోదాని చోటు వేరు. డీలరు మాటలో పెద్ద తిరకాసు ఉంది, ముందు అది చూద్దాం.

1990లలో ఒకే ఫైబర్‌లో చాలా తరంగదైర్ఘ్యాలు కలిపి, ఒక్కోదాని మీద 10జీ చొప్పున వందల కిలోమీటర్లు పంపాలని చూశారు. మామూలు జీ.652లో 1550 దగ్గర డిస్పర్షన్ ఎక్కువ. నానోమీటరుకి, కిలోమీటరుకి 17 పీకోసెకన్ల దాకా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ పల్స్ పరుచుకుపోయి పక్క పల్స్‌లో కలిసిపోతుంది. అంతకుముందే దీన్ని 1550 దగ్గర సున్నా చేసిన జీ.653 ఉంది. కానీ సున్నా చేసేసరికి అన్ని తరంగాలూ ఒకే నడకలో వెళ్లి, ఒకదానితో ఒకటి కలిసి లేని తరంగాలను పుట్టించాయి. అందుకని డిస్పర్షన్‌ని కొద్దిగా, 4 ప్రాంతంలో మిగిల్చి జీ.655 చేశారు. ఆ రోజుల్లో ఊరికీ ఊరికీ మధ్య లాంగ్‌హాల్ లైన్లకి అది సరైన జవాబే. 2010 ప్రాంతంలో కోహెరెంట్ ట్రాన్స్‌మిషన్ వచ్చాక డిస్పర్షన్‌ని రిసీవర్‌లోని చిప్పే లెక్కగట్టి సరిచేస్తోంది. దాంతో జీ.655 అవసరం పోయింది. ఇప్పుడు లాంగ్‌హాల్‌లో కూడా జీ.652.డీనే వేస్తున్నారు, మరీ దూరాలైతే నష్టం ఇంకా తక్కువగా ఉండే జీ.654.ఈ.

సరే, అది చరిత్ర. మీకు జీ.655 పనికిరాదనడానికి అసలు కారణం కటాఫ్ తరంగదైర్ఘ్యం. కేబుల్‌లో వేశాక జీ.652 కటాఫ్ 1260 నానోమీటర్ల లోపే ఉండాలి. జీ.655కి 1450 దాకా ఉండొచ్చని ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) ప్రమాణమే చెబుతోంది. కటాఫ్ కంటే తక్కువ తరంగదైర్ఘ్యంలో ఫైబర్ సింగిల్‌మోడ్‌గా (వెలుగు ఒకే దారిలో వెళ్లేలా) ఉంటుందన్న హామీ లేదు. మీ జీపాన్ అప్‌స్ట్రీమ్ (ఇళ్ల నుంచి మీ వైపు వచ్చే సిగ్నల్) 1310. మీరు రేపు మారదామనుకుంటున్న ఎక్స్‌జీఎస్-పాన్ (10జీ పాన్) అప్‌స్ట్రీమ్ 1270. ప్లాంటుకి పెట్టబోయే 10జీ ఎల్ఆర్ మాడ్యూల్ (10 కి.మీ. దాకా పంపే లేజర్ పరికరం) కూడా 1310. అంటే మీ పనికి కావలసిన మూడూ జీ.655కి హామీ లేని చోటే ఉన్నాయి. ఎక్కువ డబ్బు పోసి, పని చేస్తుందో లేదో తెలియని గాజు కొనుక్కోవడం ఎందుకు?

"పాతరకం" అన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. జీ.652లో చివరి అక్షరమే ముఖ్యం. పాత ఏ, బీ రకాల్లో గాజులో మిగిలిపోయిన తేమ వల్ల 1383 దగ్గర నష్టం కొండలా లేచేది. డీలో దాన్ని తీసేశారు. 1260 నుంచి 1625 దాకా మొత్తం వాడుకోవచ్చు. రేపు ఏ పాన్ వచ్చినా ఈ పరిధిలోనే వస్తుంది. వేగం పెంచాలంటే రెండు చివర్లా పెట్టెలు మారుస్తారు, మధ్యలో గాజు అదే ఉంటుంది. కొనేటప్పుడు బిల్లు మీద, డ్రమ్ము మీద, కేబుల్ తొడుగు మీద మూడు చోట్లా "652.డీ" అని ఉందో లేదో చూడండి.

ఇక లెక్క. వేగం కంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. చివరి ఊరికి 14 కి.మీ., 1310 దగ్గర కి.మీ.కి 0.35 డీబీ (వెలుగు నష్టం కొలత) చొప్పున 4.9. ఊరి మొదట్లో 1:4 స్ప్లిటర్ (ఒక ఫైబర్ వెలుగుని నాలుగింటికి పంచేది), వీధిలో 1:8 అనుకుందాం. వాటి నష్టం 7.2, 10.5 కలిపి 17.7. జాయింట్లు 12 వస్తాయనుకుని, ఒక్కోదానికి 0.1 పెడితే 1.2. నాలుగు కనెక్టర్లకి 0.5 చొప్పున 2. మొత్తం 25.8 డీబీ. బీ ప్లస్ మాడ్యూల్ (హెడ్‌ఎండ్‌లో పెట్టే జీపాన్ లేజర్ రకం) ఓర్చుకునే హద్దు 28. మిగిలింది 2.2 మాత్రమే. నాలుగు గాలివానల తర్వాత నాలుగు కొత్త జాయింట్లు పడితే ఆ మిగులు కరుగుతూ వస్తుంది. సీ ప్లస్ తీసుకుంటే హద్దు 32, అప్పుడు 6 డీబీ చేతిలో ఉంటుంది. రేపటి ఎక్స్‌జీఎస్-పాన్‌కి 1270 దగ్గర నష్టం కొంచెం పెరుగుతుంది. దాన్ని జీపాన్‌తో కలిపి నడిపే పరికరం ఇంకొంత తింటుంది. కాబట్టి అప్పుడు ఎన్2 తరగతి, అంటే 31 డీబీ, అడగండి. గాజు ఇప్పుడు వేసిందే చాలు.

కరెంటు స్తంభాల మీద కాబట్టి కేబుల్‌లో ఇనుము ఉండకూడదు. స్టీలు టేపున్న ఆర్మర్డ్ కేబుల్ చవకగా దొరికినా వద్దు. లైన్ల పక్కన దానిలో వోల్టేజీ పుడుతుంది, జాయింటు దగ్గర చెయ్యి పెట్టిన కుర్రాడికి ప్రాణాపాయం. ఏడీఎస్ఎస్ అంటే లోహం అన్నదే లేకుండా తన బరువు తానే మోసుకునే కేబుల్. ఏపీ ఫైబర్‌నెట్ వాళ్లు కరెంటు స్తంభాల మీద లాగింది ఇదే. తెలంగాణలో టీ-ఫైబర్‌ది వేరే దారి, మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకంలోనే డక్టులు వేశారు. భూమిలో వేసేవాళ్లకి ఎలుకల బెడద, వాళ్లు ఆర్మర్ గురించి ఆలోచించాలి. మీకు కొబ్బరి మట్టలూ గాలీ. స్తంభాల మధ్య దూరం కొలిచి, అన్నిటికంటే పెద్ద స్పాన్‌కి తగ్గ ఏడీఎస్ఎస్ అడగండి. కాలువ దాటే రెండు చోట్లా స్పాన్ ఎంతో విడిగా రాసివ్వండి. కొలవకుండా ఆర్డరు ఇవ్వొద్దు.

కోనసీమ కేబుల్

మాస్టారూ, చాలా చాలా థాంక్స్. కటాఫ్ గురించి డీలరుకి ఫోన్ చేసి అడిగితే "కనుక్కుని చెబుతా" అన్నాడు, ఇంకా చెప్పలేదు. ఇంకో రెండు డౌట్లు. జీ.657.ఏ2 మొత్తం వేస్తే నష్టమేంటి? పైగా ఒకచోట ప్రాజెక్టులో మిగిలిన డ్రమ్ములు సగం ధరకి ఉన్నాయి, తీసుకోవచ్చా?

డాలస్ నుంచి

మీ బావమరిది గారు చెప్పింది తప్పు కాదు, కానీ అది హాలు లోపలి సంగతి. నేను ఇక్కడ డేటా సెంటర్‌లో కేబులింగ్ చూస్తాను. ఓఎం4 మల్టీమోడ్. కోరు (ఇక్కడ పోగు లోపల వెలుగు వెళ్లే మధ్యభాగం) 50 మైక్రాన్లు, సింగిల్‌మోడ్‌లో 9 ప్రాంతం. అంత వెడల్పు కోరులో వెలుగు ఒకేసారి చాలా దారుల్లో వెళ్లి, ఒక్కోటి ఒక్కో సమయానికి చేరుతుంది. అందుకే ఓఎం4 మీద 10జీ 400 మీటర్ల దాకా, 100జీ ఎస్ఆర్4 మాడ్యూల్ అయితే 100 మీటర్ల దాకానే. పైగా 850 నానోమీటర్ల దగ్గర కి.మీ.కి 3 డీబీ దాకా పోతుంది. 14 కి.మీ.కి ఆ మాటే లేదు. మీటరు ధర చూసినా సింగిల్‌మోడ్ కంటే ఓఎం4 ఎక్కువే. ఇన్నాళ్లూ హాళ్లలో వాడటానికి కారణం దాని చివర్ల పెట్టే లేజర్ మాడ్యూళ్లు చవక కావడం. ఇప్పుడు కొత్త హాళ్లలో మేం కూడా సింగిల్‌మోడే ఎక్కువ లాగుతున్నాం, 400జీ డీఆర్4 మాడ్యూల్ దానిమీద 500 మీటర్లు వెళుతుంది. పసుపు రంగు ప్యాచ్‌కార్డు సింగిల్‌మోడ్, ఆక్వా రంగు ఓఎం3 లేదా ఓఎం4. హెడ్‌ఎండ్‌లో ఈ రెండూ కలవకుండా చూసుకోండి.

ఓటీడీఆర్ మాస్టారు

డాలస్ వారు చెప్పాక ఓఎం4 మాట ఇక ఎత్తను.

ఏ2 సంగతి. జీ.652ని 30 మి.మీ. వ్యాసార్థం కంటే బిగించి చుట్టకూడదు. జీ.657.ఏ1 అయితే 10 మి.మీ., ఏ2 అయితే 7.5 దాకా ఓర్చుకుంటుంది. మెయిన్ లైనులో 7.5 మి.మీ. మలుపు ఎక్కడుంటుంది? స్తంభం మీద కేబులే అంత ఒంగదు. ఒంపులన్నీ ఇంటి గుమ్మం మూలలో, టీవీ వెనక, గోడకి కొట్టిన క్లిప్పు దగ్గర ఉంటాయి. ఏ2కి పెట్టే డబ్బు అక్కడ పెట్టండి. ఇంకో చిన్న చిక్కు ఉంది. కొన్ని ఏ2 ఫైబర్లలో వెలుగు పరుచుకునే వ్యాసం 652 కంటే కాస్త చిన్నది. రెండింటినీ కలిపిన జాయింటుని ఓటీడీఆర్‌లో (వెలుగు పంపి, తిరిగొచ్చేదాన్ని బట్టి దారి పొడవునా నష్టం చూపే పరికరం) ఒకవైపు నుంచి చూస్తే నష్టానికి బదులు లాభం కనిపిస్తుంది, రెండోవైపు నుంచి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ నష్టం కనిపిస్తుంది. రెండూ కలిపి సగం చేస్తేనే నిజం తెలుస్తుంది. జాయింటరు ఒకవైపు ట్రేస్ చూపించి "సూపర్‌గా వచ్చింది" అంటే ఒప్పుకోకండి.

ఒంపు దొరికించుకోవడం మీకు రోజూ పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మలుపు దగ్గర వెలుగు బయటికి కారిపోవడం తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఓటీడీఆర్‌లో ఒకే చోట 1310 మీద మెట్టు చిన్నగా, 1550 మీద పెద్దగా కనిపిస్తే అది ఒంపు. రెండింటిలో దాదాపు ఒకేలా ఉంటే జాయింటో కనెక్టరో. మీరు టీవీ 1550 మీద ఇస్తున్నారు కాబట్టి కస్టమర్లే మీకు ముందు చెబుతారు. "నెట్ బాగానే ఉందండీ, టీవీ బొమ్మ మాత్రం గళ్లు గళ్లుగా వస్తోంది" అని ఫోన్ వస్తే, పెట్టె మార్చే ముందు క్లోజర్ (జాయింట్లు ఉండే డబ్బా) విప్పి ట్రేలో ఫైబర్ ఎక్కడ బిగుసుకుందో చూడండి. మూత వేసేటప్పుడు ట్రే అంచు కింద ఒక్క పోగు ఇరుక్కున్నా ఇదే జరుగుతుంది. టీవీ ఉన్న చోట కనెక్టర్లు ఆకుపచ్చవే, ఎస్సీ ఏపీసీ. నీలం యూపీసీని దానికి గుచ్చితే ఎనిమిది డిగ్రీల వాలు కలవక నష్టం పెరుగుతుంది, మొనలు కూడా పాడవుతాయి. 1550 యాంప్లిఫయర్ పోర్టు దగ్గర ఫైబర్ మొనని కంటితో చూడొద్దని కుర్రాళ్లకి గట్టిగా చెప్పండి. ఆ వెలుగు కనిపించదు, కానీ కన్ను పోతుంది.

మిగిలిన డ్రమ్ములు. సగం ధర అనగానే తొందరపడకండి. ఎండలో ఎన్నాళ్లు పడి ఉన్నాయో, చివర్ల టోపీలు ఊడి నీళ్లు పోయాయో చూడాలి. తొడుగు మీద ఫైబర్ రకం, తయారైన ఏడాది, మీటర్ల గుర్తు లేకపోతే వెనక్కి వచ్చేయండి. ఉంటే, స్తంభం ఎక్కించకముందే, డ్రమ్ము మీద ఉండగానే ప్రతి పోగునీ 1310, 1550 రెండింటిలోనూ ఓటీడీఆర్ వేయించండి. 1550 దగ్గర కి.మీ.కి 0.22 దాటినా, గీత మధ్యలో మెట్టు ఉన్నా ఆ డ్రమ్ము వద్దు. తొడుగు మీద 2,000 మీటర్లు అని ఉండి ఓటీడీఆర్‌లో కొన్ని మీటర్లు ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి. గొట్టం లోపల పోగు కొంచెం వదులుగా, మెలిక తిరిగి ఉంటుంది, కాబట్టి పోగు పొడవు కేబుల్ పొడవు కంటే ఎక్కువే. కొత్త డ్రమ్ములకి కూడా ఈ టెస్టు తప్పదు. ఒకసారి స్తంభం ఎక్కించాక తప్పు కంపెనీదా, లాగినవాళ్లదా అన్నది ఎవరూ తేల్చరు.

కోర్లు 24. 12కీ 24కీ ధరలో తేడా ఉంటుంది గానీ, స్తంభాల అనుమతులు, లాగే కూలీ, క్లాంపులు రెండింటికీ ఒకటే. ప్లాంటుకి స్ప్లిటర్ లేకుండా రెండు కోర్లు నేరుగా, మరో రెండు రిజర్వు పెట్టండి. 6 కి.మీ.కి 10 కి.మీ. ఎల్ఆర్ సరిగ్గా సరిపోతుంది. "పవర్ ఎక్కువ ఉంటే మంచిది" అని 80 కి.మీ. మాడ్యూల్ అంటగడితే తీసుకోవద్దు. మధ్యలో అటెన్యుయేటర్ (వెలుగు తగ్గించేది) పెట్టకపోతే అంత వెలుగుకి అవతలి రిసీవర్ పాడైపోవచ్చు.

సముద్రపు గాలికి క్లాంపులూ బ్రాకెట్లూ తుప్పు పడతాయి, మంచి గాల్వనైజింగ్ ఉన్నవే కొనండి. ప్రతి జాయింటు దగ్గరా రెండువైపులా 10-15 మీటర్లు లూపు వదలండి. తెగినప్పుడు ఆ లూపే లాక్కొచ్చి ఒక జాయింటుతో సరిపెట్టొచ్చు, లేకపోతే ముక్క వేసి రెండు జాయింట్లు పెట్టాలి.

స్పాన్ కొలతలూ, డ్రమ్ము ట్రేసులూ వచ్చాక ఇక్కడ పెట్టండి, ఆర్డరు ఖాయం చేసే ముందు నేను చూస్తాను.

కోనసీమ కేబుల్

ఆదివారం కుర్రాళ్లతో గట్టంతా నడిచి స్పాన్లు కొలుస్తాం మాస్టారూ. మిగిలిన డ్రమ్ముల ఆయన ఓటీడీఆర్ టెస్టుకి ఒప్పుకోలేదు, వదిలేశాను. జీ.652.డీ 24 కోర్ ఏడీఎస్ఎస్‌కి మరో ఇద్దరి దగ్గర కొటేషన్ అడిగాను. సీ ప్లస్ మాడ్యూళ్లకి కూడా.