థ్రిల్లర్ టీజర్‌లో టెన్షన్ నిలబడట్లేదు, కట్ ఎక్కడ మార్చాలి?

రఫ్‌కట్:
చిన్న బడ్జెట్ థ్రిల్లర్, టీజర్ 1 నిమిషం 20 సెకన్లు. పాత బంగళాలో కాపలాదారు మాయమవుతాడు, అదీ కథ. హంతకుణ్ణి చూపించలేదు. మంచి షాట్లన్నీ వాడాం, మ్యూజిక్ మొదటి నుంచీ భారీగానే ఉంది. చూసినవాళ్లు "బాగుంది" అంటున్నారు గానీ తర్వాత ఏమైందని ఒక్కరూ అడగట్లేదు. పైగా ఎడిట్ రూమ్‌లో అదిరిన సౌండ్ ఫోన్‌లో తేలిపోతోంది.

కత్తెరబల్ల:
హంతకుణ్ణి దాచారు సరే, ఎదురుచూడటానికి ప్రేక్షకుడికి ఏమిచ్చారు? ఏమీ తెలియనివాడికి భయం కూడా వేయదు. పైగదిలో ఎవరో ఉన్నారని మనకు తెలిసి, మెట్లెక్కుతున్న మనిషికి తెలియకపోతే అప్పుడు ఊపిరి బిగబడుతుంది.

అందుకని షాట్ల కుప్ప తీసేసి ఒక్క సీన్‌కి 35-40 సెకన్లు ఇవ్వండి. ముందు పైగది గడియ లోపలి నుంచి పడటం, 3 సెకన్లు. తర్వాత కింద నుంచి టార్చ్‌తో కాపలాదారు. ఒక్కో షాట్ 4-5 సెకన్లు ఉండనివ్వండి, తొందరపడి కోయకండి. తలుపు మీద చెయ్యి పడగానే బ్లాక్, అంటే తెరంతా నలుపు. తలుపు మాత్రం తెరవొద్దు. 1960లో వచ్చిన 'సైకో' సినిమా ట్రైలర్ ఆరు నిమిషాలు దాటుతుంది. దర్శకుడు హిచ్‌కాక్ సెట్టంతా తిప్పి చూపిస్తూ, అసలు విషయం దగ్గరికి రాగానే మాట మధ్యలో ఆపేస్తాడు. పట్టు అక్కడే ఉంది.

బ్లాక్ తర్వాత వేగం కట్లు 12 సెకన్లు చాలు. ఒక్కోటి 8-12 ఫ్రేములు (సెకనుకి 24 ఫ్రేముల లెక్కన). అంతకన్నా తగ్గితే చిన్న స్క్రీన్ మీద కంటికి ఆనదు. క్లైమాక్స్ షాట్ ఒక్కటి కూడా అందులో వేయకండి. యూట్యూబ్‌లో పాజ్ చేసి ఫ్రేమ్ ఫ్రేమ్ జరిపి చూసేవాళ్లుంటారు, రక్తం ఎవరి చేతికుందో పట్టేస్తారు.

సౌండ్‌డెస్క్:
మొదటి నుంచీ మ్యూజిక్ భారీగా ఉంటే ఇక పెరగడానికి చోటేదీ? మొదటి 20 సెకన్లు మ్యూజిక్ పూర్తిగా తీసేయండి. మెట్ల కిర్రు, కీచురాళ్లు, అంతే. తలుపు దగ్గరికి వచ్చేసరికి 6-8 సెకన్ల రైజర్ (అంతకంతకూ పెరిగే శబ్దం), ఒక్కసారిగా కోత, 20-24 ఫ్రేములు నిశ్శబ్దం, అప్పుడు హిట్, అంటే ఒక్క పెద్ద దెబ్బ శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి రైజర్ రివర్బ్ తోక (చివర మిగిలే ప్రతిధ్వని) జారుతుంది, దాన్నీ కోసేయాలి. చాలా కట్లలో హిట్ తగలకపోవడానికి కారణం ఇదే.

ఇక ఫోన్ సంగతి. 40 హెర్ట్జ్ సబ్ డ్రాప్‌ని (లోతుగా దిగే బాస్ శబ్దం) ఫోన్ స్పీకర్ పలికించలేదు. దానికి శాచురేషన్ (కాస్త డిస్టార్షన్) ఇచ్చి 200-400 హెర్ట్జ్ దగ్గర హార్మోనిక్స్ (దానిపై పుట్టే పై స్వరాలు) పుట్టించండి, లేదా పైన చెక్క దెబ్బ లాంటి శబ్దం ఒక లేయర్ కలపండి. లౌడ్‌నెస్ మైనస్ 14 ఎల్‌యుఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత) దాటితే యూట్యూబే తగ్గిస్తుంది. లిమిటర్‌తో (పెద్ద శబ్దాలను అదిమే టూల్) నొక్కేసిన మిక్స్‌లో అలా తగ్గాక నిశ్శబ్దానికీ హిట్‌కీ తేడా మిగలదు. ట్రూ పీక్ (శబ్దం చేరే గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డీబీ దగ్గర ఆపండి. థియేటర్ 5.1 మిక్స్‌ని (ఆరు ఛానెళ్ల సౌండ్) అలాగే దించేయకుండా వెబ్‌కి స్టీరియో మిక్స్ వేరుగా చేయించండి.

రఫ్‌కట్:
థాంక్స్ అన్నా. మొదట్లో బ్యానర్ లోగోలు నాలుగున్నాయి, 16 సెకన్లు. ఉంచాలా?

పబ్లిసిటీడెస్క్:
వద్దు. ఒక్కటి మెట్ల శబ్దం మీద వేయండి, మిగతావి చివర్లో కలిపి ఒకే కార్డు. ఫీడ్‌లో వీడియో చాలాసార్లు సౌండ్ లేకుండానే మొదలవుతుంది కాబట్టి గడియ పడే షాట్ చెవికి కాకుండా కంటికే అర్థమవ్వాలి. యాడ్‌గా వేసే కట్ వేరే చేయండి: 5 సెకన్లకు స్కిప్ బటన్ వచ్చేలోపు చెయ్యి తలుపు మీద ఉండాలి.

చీకటి సీన్లు కాబట్టి వెబ్ గ్రేడ్‌లో (వెబ్ కోసం రంగులు, వెలుగు సరిచేసేటప్పుడు) షాడోలు కాస్త పైకి లేపి, 4కే ఫైల్‌గా అప్‌లోడ్ చేయండి. లేకపోతే కంప్రెషన్‌కి నలుపంతా గళ్లుగళ్లుగా విరుగుతుంది. థియేటర్‌లో వేయాలంటే టీజర్‌కీ సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, అది తీసుకున్నాక కట్ మారిస్తే మళ్లీ వెళ్లాల్సిందే. అందుకే ఫైనల్ మిక్స్ అయ్యాకే పంపండి.