ఫైటర్ జెట్ వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

రెక్కల్లేని పక్షి:
వచ్చే నెల ఎల్-39 అల్బాట్రోస్ అనే శిక్షణ జెట్ వెనక సీట్లో ఎక్కబోతున్నాను. డబ్బు కట్టేశాను, ఇక తగ్గేది లేదు. మూడు సందేహాలు. వాంతి అవుతుందా? కళ్లజోడుతో ఎక్కనిస్తారా? ఫోన్‌తో వీడియో తీసుకోవచ్చా? ఎక్కినవాళ్లే చెప్పండి, యూట్యూబ్ లింకులు వద్దు.

వెనకసీటు:
వాంతి సంగతి నన్నడగండి. ఉద్యోగరీత్యా పరికరాలతోపాటు నన్నూ వెనక సీట్లో పడేసి తీసుకెళ్లేవారు. లూప్ (గాల్లో నిలువునా గుండ్రంగా తిరగడం) కొట్టేటప్పుడు కక్కేస్తామని అందరూ అనుకుంటారు. అప్పుడు కాదు. లూప్‌లో ఒళ్లంతా బిగుసుకుపోయి ఉంటుంది, కడుపుకి ఆ తీరిక ఉండదు. విమానం సాఫీగా తిరుగుముఖం పట్టాక ముందు సీట్లోంచి "ఎలా ఉంది?" అని అడుగుతారు చూడండి, సరిగ్గా అప్పుడు తన్నుకొస్తుంది. సంచీ జేబులో పెట్టుకోకండి, పట్టీల కింద జేబు ఇరుక్కుపోతుంది. గ్లవ్‌లోకి దోపుకోండి. మాస్క్ క్లిప్పు ఎలా ఊడుతుందో నేల మీదే కళ్లు మూసుకుని తీసి చూసుకోండి. మాస్క్ ఉండగానే కక్కితే... వద్దులెండి, భోజనాల వేళ.

మ్యాక్ మొనగాడు:
వాంతుల గోల తర్వాత. అసలు మజా ధ్వని వేగం దాటేటప్పుడు బ్రో! చెవులు గింగిర్లెత్తే బూమ్. చుట్టూ తెల్లటి మబ్బు గొడుగులా విచ్చుకుంటుంది. 9జీ దాకా, అంటే ఒంటి బరువుకి తొమ్మిది రెట్ల భారం దాకా లాగించాం, నాకు కళ్లు కూడా మసకబారలేదు. బాడీ ఫిట్‌గా ఉంటే ఏమీ కాదు.

జీ టీచరమ్మ:
ఏరోస్పేస్ మెడిసిన్‌లో ఉన్నాను. సెంట్రిఫ్యూజ్‌లో, అంటే జీ భారం పడేలా గిరగిరా తిప్పే యంత్రంలో, జనాన్ని తిప్పడమే నా పని. ఫిట్‌గా ఉంటే చాలన్నవాళ్లు తల వాల్చేయడం చాలాసార్లు చూశాను. అలవాటు లేనివాళ్లకి 4, 5జీ దగ్గరే ముందు రంగులు పోతాయి, తర్వాత చూపు అంచుల నుంచి మూసుకుపోతూ వస్తుంది, ఆపైన చీకటి. అదైనా మెల్లగా ఎక్కిస్తేనే. ఒక్కసారిగా లాగితే ఈ హెచ్చరికలేవీ ఉండవు. మెదడులో మిగిలిన ఆక్సిజన్ ఐదారు సెకన్లలో అయిపోయి నేరుగా స్పృహ పోతుంది. ఓ పన్నెండు, పదిహేను సెకన్లు ఒళ్లు తెలియదు. లేచాక కూడా ఇంచుమించు అంతసేపు ఎక్కడున్నామో అర్థం కాదు. తమాషా ఏమిటంటే, స్పృహ పోయిన సంగతే చాలామందికి గుర్తుండదు. వీడియో చూపిస్తే దెబ్బలాటకొస్తారు.

జీ-సూట్ (కాళ్లని, పొట్టని గాలితో బిగించే దుస్తులు) వేసినా అది మహా అయితే ఒకటి, ఒకటిన్నర జీ ఆపుతుంది. మిగతా భారమంతా మీ కాళ్లు, పిరుదులు, పొట్ట మోయాలి. జీ పడకముందే బిగించాలి, పడ్డాక కాదు. ఊపిరి బిగబట్టి, మూడేసి సెకన్లకి ఒకసారి చటుక్కున వదిలి పీల్చాలి. మధ్యలో కబుర్లు వద్దు.

మొనగాడు గారూ, 9జీ అని మీటరు చూశారా, ఎవరైనా చెప్పారా?

మ్యాక్ మొనగాడు:
పైలటే చెప్పాడు బ్రో. పుస్తకాలు చదవడం వేరు, ఎక్కడం వేరు.

జీ టీచరమ్మ:
నేను బ్రోని కాదు. ఆ సెంట్రిఫ్యూజ్‌లో నేనూ కూర్చున్నాను.

టార్మాక్ తాత:
ఆ బూమ్ సంగతి తేలుద్దాం. లోపలున్నవాడికి బూమ్ వినపడదు నాయనా. ఆ పీడన తరంగం విమానం వెనక శంకువులా సాగుతూ వస్తుంది. అది ఎవరి మీదుగా పోతే వాళ్లకి మోగుతుంది. దాటేటప్పుడు ఒక్కసారి మోగి ఊరుకోదు కూడా, ఆ వేగంలో పోతున్నంతసేపూ కింద దారిపొడవునా మోగుతూనే ఉంటుంది. కాక్‌పిట్‌లో తెలిసేదల్లా ఎత్తు చూపే ఆల్టిమీటర్ ముల్లు ఒక్క గెంతు గెంతడం. తెల్లమబ్బూ అంతే. గాలిలో తేమ ఉంటే ధ్వని వేగం అందుకోకముందే వచ్చేస్తుంది. ఆ ఫొటో పెట్టి "సౌండ్ బ్యారియర్ బద్దలు" అని రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మ్యాక్ మొనగాడు:
మీరు కింద నిలబడ్డవారు, నేను పైన ఉన్నవాణ్ణి. నా చెవులు అబద్ధం చెప్తాయా?

గాలి సొరంగం:
చిన్న సవరణ. విమానం ధ్వని వేగాన్ని అందుకోకపోయినా రెక్క మీద కొన్నిచోట్ల గాలి అప్పటికే దాటేసి ఉంటుంది. అక్కడ పీడనం పడిపోయి, గాలి చల్లబడి, తేమ బిందువులవుతుంది. ఇదే నా పీహెచ్‌డీ విషయం, అందుకే చెప్తున్నా.

టార్మాక్ తాత:
నేనన్నదీ అదే. పీహెచ్‌డీ లేకుండా అన్నాను.

వెనకసీటు:
మొనగాడన్నా, ఇంతకీ ఏ విమానం?

మ్యాక్ మొనగాడు:
ఎల్-39. అందుకేగా ఇక్కడికొచ్చి చెప్తున్నది.

టార్మాక్ తాత:
ఓరి నాయనో. ఎల్-39 ధ్వని వేగం దాటే విమానమే కాదు! ముక్కు వంచి డైవ్ కొట్టినా 0.8 మ్యాక్ (ధ్వని వేగంలో పదింట ఎనిమిది వంతులు) దగ్గరపడగానే ఎయిర్ బ్రేకులు వాటంతటవే తెరుచుకుంటాయి. దాని పరిమితే 8జీ, నీ 9 ఎక్కడిది?

మ్యాక్ మొనగాడు:
ముసలాయనకి కుళ్లు. రిపోర్ట్ కొడుతున్నా.

మోడరేటర్:
వయసు ఊసు ఎత్తకండి. ఇద్దరికీ ఇదే చెప్పడం.

టార్మాక్ తాత:
నేనేమన్నానని ఇద్దరికీ?

పసుపు నలుపు:
ఫోన్ గురించి ఎవరూ మాట్లాడరేం? విడి వస్తువేదీ కాక్‌పిట్‌లోకి పోకూడదు. నెగెటివ్ జీలో, అంటే భారం తలకిందులై అన్నీ పైకి లేచేటప్పుడు, గాల్లోకి లేచి, విమానాన్ని నడిపే స్టిక్ మొదట్లో పడి ఇరుక్కుందంటే పైలట్ పని అయిపోయినట్టే. మనిషయినా అంతే. 2019 మార్చిలో ఫ్రాన్స్‌లో ఏమైందో తెలుసుగా? 64 ఏళ్లాయనకి తోటి ఉద్యోగులు రఫేల్ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు, చివరిదాకా చెప్పకుండా. పట్టీలు వదులుగా ఉన్నాయి. టేకాఫ్ తర్వాత పైకెక్కి సర్దుకునేటప్పుడు నెగెటివ్ జీ తగిలి ఆయన సీట్లోంచి లేచిపోయాడు. పట్టుకోవడానికి చేతికి దొరికింది కాళ్ల మధ్య హ్యాండిల్, సీటుని బయటికి ఎగరేసేది! సీటుతో సహా బయట పడ్డాడు, హెల్మెట్ ఎటో ఎగిరిపోయింది, మనిషి బతికాడు. ఆ వరసలో పైలట్ సీటు కూడా పేలి బయటికి ఎగరాల్సింది. ఏదో లోపం వల్ల పేలలేదు, అతను విమానాన్ని తెచ్చి దింపాడు.

వెనకసీటు:
పెద్దాయన్ని చూసి నవ్వుతారు గానీ, ఎక్కేముందే ఆయన గుండె 136 నుంచి 142 దాకా కొట్టుకుందని చేతి వాచీలో ఉంది. అంతమంది స్నేహితులు చప్పట్లు కొడుతుంటే "నేనెక్కను" అని ఎవడనగలడు?

పసుపు నలుపు:
నేను నవ్వలేదు. పట్టీలు సరిచూడనివాళ్లని అంటున్నా.

గాలి సొరంగం:
నిజానికి అక్కడ ముఖ్యమైన ప్రశ్న పైలట్ సీటు ఎందుకు పేలలేదన్నది. ఆ సీక్వెన్స్ గురించి నేను వేరే చోట వివరంగా రాశాను.

రెక్కల్లేని పక్షి:
ధైర్యం చెప్తారనుకున్నా. కళ్లజోడు సార్, కళ్లజోడు!

వెనకసీటు:
సన్న కాడలది వేసుకుని వెనక పట్టీ బిగించుకోండి. లావు కాడలైతే హెల్మెట్ కింద కణతల్ని తొలిచేస్తాయి.

జీ టీచరమ్మ:
జలుబుంటే మాత్రం వాయిదా వేసుకోండి, దిగేటప్పుడు నుదుట్లో, చెవుల్లో నరకం. మర్నాడు ముంజేతుల మీద ఎర్ర చుక్కలు కనబడితే కంగారుపడొద్దు, జీకి చిట్లిన సన్న రక్తనాళాలవి, వాటంతటవే పోతాయి. తల మాత్రం ముందే సీటుకి ఆనించండి. రెండు కిలోల హెల్మెట్ 5జీలో పది కిలోలు. వంగి ఉన్నప్పుడు పడితే లేపలేరు.

మ్యాక్ మొనగాడు:
అందరికీ ఇదే ఆఖరి సమాధానం. నా వీడియో ఎక్కించాను. కాక్‌పిట్ కెమెరాది, ఎక్కడా కోత లేదు. చూసి మాట్లాడండి.

జీ టీచరమ్మ:
పూర్తిగా చూశాను. బూమ్ ఎక్కడా లేదు. నాలుగో నిమిషంలో మీటరు 5 మీద ఉండగా మీ తల గుండెల మీదికి వాలిపోయింది, పదకొండు సెకన్ల తర్వాత లేచింది.

మ్యాక్ మొనగాడు:
అప్పుడు కిందున్న మీటర్లు చూస్తున్నాను.