ట్రయల్‌లో మందు ఫ్రీ అంటున్నారు, మరి దారి ఖర్చులో?

ప్రశ్న (ఆదిలాబాద్ నుంచి):
మా అమ్మకి రొమ్ము క్యాన్సర్. హైదరాబాద్‌లో చూస్తున్న డాక్టర్ గారు క్లినికల్ ట్రయల్‌లో (కొత్త మందుని పేషెంట్ల మీద పరీక్షించి చూడటం) చేరమంటున్నారు. మందుకి డబ్బులు అక్కర్లేదట. కానీ 21 రోజులకోసారి వెళ్ళాలి, రెండ్రోజులు ఉండాలి. తోడుగా నేను వెళ్తే నా కూలి పోతుంది. ఒకటే టెన్షన్.

జవాబు (కర్నూలు నుంచి):
తమ్ముడూ, మా నాన్నప్పుడు ఫ్రీ అనగానే సంతకం పెట్టేశాం. తీరా చూస్తే ఫ్రీ ఆ ఒక్క మందే! దాంతోపాటు ఎక్కించే మామూలు కీమో, రెండు స్కాన్‌లు మా నెత్తినే పడ్డాయి. అందుకే సంతకానికి ముందే ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్‌ని అడుగు. ఏ పరీక్షకి ఎవరు కడతారు? ఆరోగ్యశ్రీలో నడుస్తున్న వైద్యం అలాగే నడుస్తుందా? దారి ఖర్చులు ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు, తోడు వచ్చినవాళ్ళకి కూడానా? "ఇస్తాంలే" అంటే నమ్మకు, మీరు సంతకం పెట్టే సమ్మతి పత్రంలో రాసి ఉండాలి. తెలుగు పత్రమే అడుగు. బస్సు టికెట్లు, రూమ్ రసీదులు దాచు. పోయిన కూలి సంగతీ అడిగి చూడు, మాకైతే రాలేదు.

జవాబు (విశాఖ నుంచి):
రైల్లో వెళ్ళండి. ఆసుపత్రివాళ్ళు రైల్వే ఫారంలో సర్టిఫికెట్ ఇస్తే స్లీపర్‌లో క్యాన్సర్ పేషెంట్‌కి టికెట్ డబ్బులుండవు, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం తగ్గిస్తారు. ఏడాదిలో ఎన్నిసార్లు తిరగాలో లెక్కేస్తే ఇది చిన్న మొత్తం కాదు.

ఇంకోటి. ట్రయల్ వల్ల ఒంటికేమైనా అయితే ఉచితంగా వైద్యం చేయించాలని ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల్లో ఉంది. ట్రయల్ వల్లే అని తేలితే పరిహారం కూడా ఇవ్వాలి. ట్రయల్‌లో పేషెంట్ల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు సమ్మతి పత్రంలోనే ఉంటుంది, ఫొటో తీసి పెట్టుకోండి. సీటీఆర్‌ఐ (దేశంలో జరిగే ట్రయల్స్‌ని నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నమోదు నంబరు కూడా అడగండి. అది లేకుండా ట్రయల్‌లో ఎవర్నీ చేర్చుకోకూడదు.

ప్రశ్న (ఆదిలాబాద్ నుంచి):
థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. ట్రయల్ అయిపోయాక మందు ఇస్తారా? అమ్మ మధ్యలో వద్దంటే?

జవాబు (విశాఖ నుంచి):
ట్రయల్ ఎప్పుడైనా మానేయొచ్చు, మానేశారని ఆసుపత్రివాళ్ళు మామూలు వైద్యం ఆపకూడదు. ట్రయల్ తర్వాత మందు మాత్రం అందరికీ రాదు. వేరే వైద్యం లేదని డాక్టర్ రాసి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే ఉచితంగా ఇవ్వాలి. ఇదీ ముందే అడగండి.

ప్రశ్న (ఆదిలాబాద్ నుంచి):
సోమవారం వెళ్తున్నాం. పత్రం ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం.