19వ శతాబ్దపు పెద్దమనుషుల వింత గడ్డాలు: యుద్ధమా, ఓట్లా, ఒట్టి షోకా?

పాతఫొటోలు:
అమెరికా అంతర్యుద్ధంలో జనరల్‌గా చేసిన ఆంబ్రోస్ బర్న్‌సైడ్ ఫొటో చూడండి. చెవుల దగ్గర నుంచి గుబురుగా దిగిన వెంట్రుకలు బుగ్గల మీదుగా వచ్చి మీసంలో కలిసిపోతాయి. చుబుకం మాత్రం నున్నగా గొరిగి ఉంటుంది. ఈయన తర్వాత రోడ్ ఐలాండ్ గవర్నర్, సెనేటర్ కూడా అయ్యాడు. పదవుల్లో ఉన్నవాళ్లకు ఈ పిచ్చి ఎలా పట్టినట్టు?

మీసాలరాయుడు:
పిచ్చి కాదండీ, బ్రిటన్, దాని మిత్రదేశాలు రష్యాతో చేసిన క్రిమియా యుద్ధం. 1853-56 మధ్య ఆ చలిలో షేవింగ్ ఎవరు చేసుకుంటారు? బ్రిటిష్ సైనికులు గడ్డాలతో తిరిగొచ్చారు, జనం వాళ్లను చూసి పెంచారు. పైగా చెడు గాలే రోగాలు తెస్తుందని నమ్మిన రోజులు. గడ్డం ఆ గాలిని వడకడుతుందని, గొంతును కాపాడుతుందని డాక్టర్లే చెప్పేవారు.

ఓటరు:
నా లెక్కలో అంతా ఓట్ల కోసమే. 1860 అక్టోబరులో గ్రేస్ బెడెల్ అనే 11 ఏళ్ల పిల్ల, అమెరికా అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న అబ్రహాం లింకన్‌కు ఉత్తరం రాసింది. మీ మొహం సన్నం, గడ్డం పెంచితే ఆడవాళ్లు మెచ్చుకుని భర్తల చేత ఓట్లు వేయిస్తారని. ఆయన పెంచాడు.

కత్తికిపదును:
ఓటరు గారూ, తేదీలు చూసుకోండి. లింకన్ నవంబరు 6న గెలిచింది గడ్డం లేని మొహంతోనే. పెంచింది ఆ తర్వాత.

అసలు మీరంతా పెంచినదాన్నే చూస్తున్నారు, గొరిగినదాన్ని చూడటం లేదు. లింకన్‌కు గడ్డం ఉంది, మీసం లేదు. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్‌దీ బర్న్‌సైడ్ పద్ధతే, చుబుకం నున్నన. 1872లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీ అయితే మరీ విడ్డూరం. మొహమంతా శుభ్రంగా గొరిగించి, దవడ కింద మెడ చుట్టూ మఫ్లర్ చుట్టుకున్నట్టు తెల్లటి వెంట్రుకలు వదిలేశాడు. గీత చెడకుండా దవడ అంచు దాకా కత్తి నడపడం మామూలు పనా? చలికో బద్ధకానికో పెంచినవాడు ఇంత తంటాలు పడడు. నలుగురిలో గుర్తుండాలనే ఈ షోకంతా.

మీసాలరాయుడు:
గ్రీలీని తెచ్చి నాకే సాయం చేశారు. గొంతు చుట్టూ పెంచాడుగా!

కత్తికిపదును:
మరి బర్న్‌సైడ్ బుగ్గలకు జలుబు చేస్తుందా?

మీసాలరాయుడు:
అది సరే, దీనికి జవాబు చెప్పండి. 1830లో మసాచుసెట్స్‌లోని ఫిచ్‌బర్గ్‌లో జోసెఫ్ పామర్ గడ్డం పెంచాడని నలుగురు మీదపడి గొరగబోయారు. కత్తి తీసి ఎదురు తిరిగినందుకు జరిమానా వేశారు. కట్టనన్నాడని ఏడాదికి పైగా జైల్లో పెట్టారు. 30 ఏళ్లు తిరిగేసరికి లింకన్ గడ్డంతోనే అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. షోకు 1830లోనూ ఉంది, జనం కళ్లు ఎందుకు మారాయి?