ఊరి ఆరోగ్యం లెక్క సర్వే ఫారం చెప్తదా, ఊరోళ్ళు చెప్పాలా?

కొబ్బరితోట:
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా మావయ్యకి 2022లో ఆశా అమ్మ ఇంటికొచ్చి సీబ్యాక్ ఫారం నింపింది, బీపీ, షుగరు లాంటి జబ్బుల ముప్పు ఎవరికుందో చూడ్డానికి 30 దాటినోళ్ళందరికీ నింపుతారు కదా అదే. బీడీ తాగుతావా, మందు అలవాటుందా, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా అని అడిగి నడుం చుట్టూ టేపు పెట్టి కొలిచింది, తర్వాత బీపీ, షుగరు చూశారు, రెండూ నార్మల్. ఎనిమిది నెలలకి కాళ్ళు పొంగాయని తీసుకెళ్తే రక్తపరీక్షలో క్రియాటినిన్ 7, అంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నట్టే. మా వైపు కిడ్నీ జబ్బు చాలామందికి బీపీ షుగరు లేకుండానే వస్తది. మరి దేశమంతటికీ ఒకటే ఫారం పట్టుకుని మా ఊరికి ప్లాన్ ఎలా వేస్తారు? ఊరోళ్ళని అడిగి వెయ్యాలి అంటాను, మీరేటంటారు?

నైట్‌డ్యూటీ:
బాధగా ఉంది గానీ ఫారాన్ని తిట్టి లాభం లేదండీ. అది ఉన్నది బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం, ఆ పని అది చేస్తోంది. ఊరికో ఫారం అంటే రాష్ట్రం మొత్తం లెక్క కలిపేదెలా? పైగా ఉద్దానం ఏడు మండలాల్లో విడిగా రక్తపరీక్షలు చేశారు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో మొదలైంది, హిరమండలం రిజర్వాయర్ నుంచి నీళ్ళ స్కీమూ పెట్టారు. ఇది ప్లాన్ కాదా?

కొబ్బరితోట:
ప్లానే, కాదన్లేదు. కానీ అదంతా ఏ ఫారంలోంచి వచ్చింది చెప్పండి? ఇంటికో మనిషి పోయాక, పేపర్లలో పడ్డాక, జనం గోల పెట్టాక వచ్చింది. గోల పెట్టలేని ఊరి సంగతేంటి?

డల్లాస్‌బుజ్జి:
ఇక్కడ అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రులు మూడేళ్ళకోసారి చుట్టుపక్కల జనం అవసరాలు ఏంటో అంచనా వేసి రిపోర్టు అందరికీ కనపడేలా పెట్టాలి, 2010 చట్టంతో వచ్చింది. అలాగని అంతా బంగారం అనుకోకండి, కొన్ని రిపోర్టులు చదివితే పాతదానికే తేదీ మార్చినట్టుంటాయ్. అయినా మీ ఆసుపత్రి ఏం రాసిందో చూపించు అని అడగడానికి చేతిలో ఒక కాగితం ఉంటది.

నైట్‌డ్యూటీ:
మనకీ ఉందిగా, గ్రామ ఆరోగ్య పారిశుధ్య పోషణ కమిటీ. ఏడాదికి 10,000 రూపాయల దాకా అన్‌టైడ్ ఫండ్ కూడా, అంటే ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకునే డబ్బు. ఊరి ప్లాన్ వెయ్యాల్సింది వాళ్ళే.

కొబ్బరితోట:
హహ ఆ కమిటీ గురించే చెప్దామనుకున్నా. మా అత్త అందులో మెంబరట, అత్తకే తెలీదు. ఓ రోజు పొయ్యి దగ్గరుంటే పుస్తకం తెచ్చి సంతకం పెట్టమన్నారు, పెట్టేసింది, పింఛను కాయితం అనుకుందట. డబ్బులు బ్లీచింగ్ పౌడరుకి పోయాయి.

నైట్‌డ్యూటీ:
ఇది ఒప్పుకుంటా. మీటింగు లేకుండా మినిట్స్ రాసే రోగం మా దగ్గరా ఉంది. అయినా ఫారం వద్దు అనను, దానికి ఒక్క లైను కలపమంటా: ఈ ఊళ్ళో ఈ ఏడాది ఎవరెవరు దేనితో పోయారు అని. అది ఏ ఊళ్ళో అయినా అరుగు మీద కూర్చున్న ముసలాయన ఐదు నిమిషాల్లో చెప్పేస్తాడు.

కొబ్బరితోట:
అదీ మాట. వచ్చే గ్రామసభలో అడుగుతా. ముందు ఆ మినిట్స్ పుస్తకం ఎవరింట్లో ఉందో వెతకాలి, అత్తని అడిగితే నీలం అట్ట అని మాత్రం గుర్తుంది అంటోంది.